‘నాన్ రొట్టె’ అంటే రొట్టె రొట్టె

హోటల్లో కూర్చుని “రెండు బటర్ నాన్ రొట్టెలు” అని చెప్తాం చూడండి, అది ఒక ఇరానీ చెవికి “రెండు వెన్న రొట్టె రొట్టెలు” అన్నట్టు వినిపిస్తుంది. మనం ‘ఏటీఎం మెషీన్’, ‘పిన్ నంబర్’ అంటూనే ఉంటాం కాబట్టి ఇదేమంత పెద్ద నేరం కాదనుకోండి. ఫార్సీలో నాన్ అంటే రొట్టె, అంతే. ఏ రకం రొట్టయినా నాన్ కిందే లెక్క. టెహ్రాన్ వీధుల్లో మాట్లాడేటప్పుడు అది కాస్తా ‘నూన్’ అవుతుంది.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా టీములో షిరాజ్ నుంచి వచ్చినాయన ఒకాయన ఉన్నారు. ఇరానీ భోజనం అంటే నాకు తెలిసిందల్లా రెస్టారెంటు సరుకే. కుంకుమపువ్వు చల్లిన అన్నం, పక్కన మూరెడు కబాబు. రోజూ రాత్రి ఇదే తింటారా అని అడిగితే ఆయన నవ్వి, “మీరు రోజూ బిరియానీ తింటారా?” అన్నారు. మామూలు రోజుల్లో వాళ్ళింట్లో రాత్రికి చేసేదాన్ని ‘షామె హాజెరీ’ అంటారట. షామ్ అంటే రాత్రి భోజనం. హాజెరీ అంటే సిద్ధంగా ఉన్నది, అంటే బళ్ళో టీచరు హాజరు పిలిచేటప్పటి మన హాజరే. పెద్దగా వంట చెయ్యకుండా, ఉన్నవి హాజరు పరిచే భోజనమన్నమాట. రొట్టె, ఉప్పగా ఉండే పనీరు, పచ్చి ఆకులు (పుదీన, తులసి జాతి ఆకు, ముల్లంగి), వాల్‌నట్లు. మరీ ఓపికుంటే ఓ గుడ్డు. ‘సబ్జీ’ అంటే వాళ్ళకి ఆ పచ్చి ఆకులే. సబ్జ్ అంటే ఆకుపచ్చ. అది హిందీలోకొచ్చి బంగాళాదుంప కూర కూడా సబ్జీ అయిపోయింది.

ఈ భోజనం చరిత్ర ఎక్కడైనా దొరుకుతుందేమోనని చూశాను. వంట పుస్తకాలకేం తక్కువ లేదు. సఫవీల కాలంలోనే 1521 నాటిది ఒకటుంది, 1594లో షా అబ్బాస్ వంటవాడు నూరుల్లా రాసింది ఇంకొకటుంది. 1880ల్లో నాసిరుద్దీన్ షా వంటశాల పెద్ద అలీ అక్బర్ ఖాన్, ఒక ఫ్రెంచి డాక్టరు అడిగితే మరోటి రాసిపెట్టాడు. పలావులు, మాంసాలు, షర్బత్తులు పేజీలకి పేజీలు. అంతా దర్బారు వ్యవహారం. రోజూ రాత్రి జనం తినేదాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన దగ్గరా అంతే కదా, పచ్చిపులుసుకి తాళపత్రం ఎవడు రాస్తాడు?

కానీ రొట్టె చరిత్రకి ఎక్కకుండా పోలేదు. వంట పుస్తకాల్లో కనపడని రొట్టె, పోలీసు రికార్డుల్లోనూ రాయబారుల ఉత్తరాల్లోనూ పుష్కలంగా కనపడుతుంది. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ రొట్టె ఎలా చేస్తారో తెలియాలి.

ఇరాన్‌లో ప్రధానంగా నాలుగు రొట్టెలు. లవాష్ కాగితమంత పల్చన. తాఫ్తూన్ దానికన్నా కాస్త మందం, తనూరు గోడకి కొట్టి కాలుస్తారు. (తనూరు అంటే మన తందూరే. ఆ మాట ఫార్సీ కన్నా చాలా పాతది, మెసొపొటేమియా వాళ్ళ అక్కాదీ భాషలోనే ‘తినూరు’ అని ఉంది.) బర్బరీ పొడుగ్గా, వేలెడు మందాన, మీద చాళ్ళు చాళ్ళుగా ఉంటుంది. ఇక నాలుగోది సంగక్. సంగ్ అంటే రాయి, సంగక్ అంటే చిన్న రాయి, గులకరాయి. పొయ్యి లోపల గులకరాళ్ళు పరిచి, అవి బాగా కాలాక వాటి మీద పిండి సాగదీసి వేస్తారు. బయటికొచ్చేసరికి రొట్టె నిండా రాళ్ళ గుంటలు, ఒక్కోసారి రాళ్ళు కూడా. కొన్నవాళ్ళు అక్కడే బల్ల మీద పరిచి, వేళ్ళు కాల్చుకుంటూ రాళ్ళు ఏరుకుని మరీ పట్టుకెళ్తారు. పూర్వం సైనికులు తలా కాసిని గులకరాళ్ళు మోసుకెళ్ళి, ఎక్కడ దిగితే అక్కడ రొట్టె కాల్చుకునేవారని ఒక కథ. షా అబ్బాస్ కోసం షేక్ బహాయీ అనే పండితుడు ఆ పొయ్యి డిజైన్ చేశాడని ఇంకో కథ. రెండూ కథలే, చెప్పుకోడానికి బావుంటాయి.

అసలు విషయం ఏంటంటే, గులకరాళ్ళ పొయ్యి ఇంట్లో పెట్టుకునేది కాదు. గదంత ఉంటుంది, కట్టెలు బండ్లకొద్దీ తింటుంది. చెట్లు తక్కువున్న ఆ దేశంలో ఇంటింటికీ అంత వంటచెరకు ఎక్కడ తెస్తారు? పల్లెల్లో ఆడవాళ్ళు ఒక్కరోజు తనూరు వెలిగించి వారాలకి సరిపడా లవాష్ కాల్చి పేర్చేసేవారు. ఎండిపోతే నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. క్యాషింగ్ అన్నమాట (డబ్బులు కాదు, మన సర్వర్లలో పెట్టేది). పట్నంలో మాత్రం పూటపూటా వీధి చివర ‘నాన్వా’ దగ్గర, అంటే రొట్టెలు కాల్చే ఆయన దగ్గర, కొనుక్కోవాల్సిందే. పిండి, కట్టెలు, పొయ్యి, ధర, ఏదీ ఇంటామె చేతిలో లేదు. మనకి బియ్యం రేటు పెరిగినా డబ్బాలో నెలకి సరిపడా ఉంటాయి. వాళ్ళకి ఇవాళ దుకాణం మూస్తే ఇవాళ రాత్రే పస్తు.

ఇప్పుడు 1861కి వెళ్దాం. కరువు, టెహ్రాన్‌లో రొట్టె దొరకట్లేదు. గోధుమలు దాచేశారని జనం అనుమానం. నాసిరుద్దీన్ షా వేట నుంచి తిరిగొస్తుంటే వేలమంది ఆడవాళ్ళు ఆయన్ని చుట్టుముట్టి రొట్టె కోసం కేకలు పెట్టారు. పరదా దాటి బయటికి రాని కాలంలో, రాజు కంటి ముందు. భయపడ్డ షా నగరాధికారి మహమూద్ ఖాన్‌ని పిలిపించి చంపించేశాడు, శవాన్ని వీధుల్లో ఈడ్పించాడు. అప్పట్లో అక్కడున్న బ్రిటిష్ అధికారి ఈస్ట్‌విక్ ఇదంతా రాసిపెట్టాడు. దీంట్లో నాకు ఆశ్చర్యమనిపించేది చావు కాదు, రాజులు ఎవర్నో ఒకర్ని చంపుతూనే ఉంటారు. రొట్టెకి జవాబుదారీ ప్రభుత్వానిదే అని అటు జనమూ ఇటు రాజూ ఒప్పేసుకున్నారు, అదీ ఆశ్చర్యం.

పదేళ్ళు తిరక్కుండానే 1870లో ఇంకా పెద్ద కరువు, మళ్ళీ మొదటి ప్రపంచయుద్ధం చివర్లో 1917-19లో మరొకటి. ఎంతమంది పోయారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, అది ఇక్కడ వద్దు.

1942 సంగతి మాత్రం చెప్పుకోవాలి. 1941 ఆగస్టులో బ్రిటిష్, సోవియట్ సేనలు ఇరాన్‌లోకి దిగాయి, రజా షా గద్దె దిగాడు. రైళ్ళూ లారీలూ రష్యాకి యుద్ధ సామాగ్రి మోయడానికి పోయాయి. ధాన్యం ఉన్నచోట ఉంది, తెచ్చే బండి లేదు. టెహ్రాన్‌లో ‘సిలో రొట్టె’ అని పేరుపడ్డ ముతక నల్ల రొట్టె వచ్చింది. పిండిలో ఏం కలుస్తోందో అడక్కండి. ఆ తరం ముసలివాళ్ళు చచ్చేదాకా దాన్ని తిట్టుకున్నారు. 1942 డిసెంబరు 8న జనం పార్లమెంటు మీదకి పోయారు, దుకాణాలు దోచారు, ప్రధానమంత్రి కవామ్ ఇల్లు తగలబెట్టారు. సైన్యం కాల్పులు జరిపింది, పత్రికలు మూయించారు. వెనకుండి నడిపించిందెవరన్న రాజకీయం వేరే ఉంది. కానీ ఖాళీ కడుపు లేకపోతే ఎంత రాజకీయమైనా అంతమందిని రోడ్డు మీదకి తేలేదు.

ఈ భయం భాషలోకి కూడా ఇంకింది. ఒకడి ఉపాధి దెబ్బతీస్తే “వాడి రొట్టెని ఇటుక చేశాడు” అంటారు. మనం “నోటికాడ కూడు తీసేశాడు” అన్నట్టు. గాలివాటంగా పార్టీలు మార్చేవాణ్ణి “ఆ రోజు ధరకి రొట్టె తినేవాడు” అంటారు. మన “ఏ ఎండకా గొడుగు”లో ఎండా వానా ఉంటే, వాళ్ళ సామెతలో రొట్టె రేటు ఉంది. ఈ రెండో సామెత చాలు, ఆ దేశం గురించి సగం పుస్తకం చదివినట్టే.

అందుకే 1979లో విప్లవం వచ్చి మొత్తం మారిపోయినా ఎవరూ రొట్టె జోలికి పోలేదు. 1980-88 యుద్ధంలో బియ్యం, పంచదార, నూనె కూపన్ల మీద ఇచ్చారు, రొట్టెని మాత్రం సబ్సిడీ పెట్టి చవగ్గా ఉంచారు. 2010 డిసెంబరులో సబ్సిడీలు కోసి, బదులుగా మనిషికి నెలకి 45,500 తుమాన్లు బ్యాంకులో వేయడం మొదలెట్టారు. అప్పటి లెక్కన 40 డాలర్ల పైమాటే. తర్వాత పదేళ్ళకి పైగా అంకె మారలేదు, తుమానే కరిగిపోయింది. 2022 మేలో ఫ్యాక్టరీ పిండి వస్తువుల మీద, అంటే పాస్తా, బాగెట్ లాంటివాటి మీద, సబ్సిడీ తీసేస్తే గొడవలయ్యాయి. అప్పుడు కూడా సంగక్, బర్బరీ లాంటి పాత రొట్టెల సబ్సిడీ ముట్టుకోలేదు. 1861 ఎవరికో బాగానే గుర్తున్నట్టుంది.

మనకీ ఇది తెలియని కథేం కాదు. మా తాతగారిది కర్నూలు జిల్లా. ఆయన చిన్నప్పుడు రోజూ జొన్నరొట్టె, సంగటి. వరన్నం పండక్కే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక కంచాలే మారిపోయాయి. ఆ పథకం మీద ఎకనామిక్స్ చదివినవాళ్ళు ఎన్ని తప్పులు చూపించినా, దాన్ని పూర్తిగా ఎత్తేసే ధైర్యం తర్వాత ఏ ముఖ్యమంత్రికీ రాలేదు. ఇరాన్‌లోనూ బియ్యం కాస్పియన్ తీరంలో గీలాన్, మాజందరాన్‌లలో పండుతుంది. మిగతా దేశానికి చాలాకాలం అది పెద్దింటి తిండి, అతిథి తిండి. రెస్టారెంటులో మనకి కనపడే ఆ అన్నం పళ్ళెం, వాళ్ళ పండక్కి పెట్టే వరన్నమే.

హైదరాబాదుకీ ఇరాన్‌కీ చుట్టరికం పాతదే. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ వైపు నుంచి వచ్చినవాడు, నగరానికి నక్షా వేయించిన మీర్ మోమిన్ అస్తరాబాద్ వాడు. నిజాం రాజ్యంలో 1884 దాకా సర్కారు భాష ఫార్సీ. పాతబస్తీలో నిహారీతో తినే నాలుగు మూలల చార్ కోనీ నాన్ ఉంది కానీ, సంగక్ మాత్రం మన దాకా రాలేదు. ఇరానీ చాయ్ సంగతి ఇంకా తమాషా, ఇరాన్‌లో చాయ్‌లో పాలే పోయరు.

లవాష్ ఎవరిదన్న తగాదా కూడా ఒకటుంది. యునెస్కో 2014లో దాన్ని ఆర్మీనియా పేర రాసింది. చుట్టుపక్కలవాళ్ళకి మండింది. 2016లో ఇరాన్, అజర్‌బైజాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, టర్కీ కలిసి ఇంకో పద్దు రాయించుకున్నాయి. మన పూతరేకుల దగ్గర ఇంకా ఆ పరిస్థితి రాలేదు.

సరే, ఇంత చదివాక ఆకలేస్తుంది కాబట్టి వంట. ‘ఎష్కెనే’ అని ఒక పులుసుంది. ఫార్సీ పేరు చూసి కంగారు పడకండి, అన్నీ మనింట్లోవే. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి రెండు చెంచాల నెయ్యిలో ఎర్రగా వేయించాలి. ఒక చెంచా గోధుమపిండి, అర చెంచా పసుపు, రెండు చెంచాల ఎండు మెంతాకు (కసూరీ మేథీ) వేసి ఒక్క నిమిషం తిప్పండి. అంతకన్నా ఉంచితే చేదెక్కుతుంది. నాలుగు కప్పుల నీళ్ళు, ఒక బంగాళాదుంప ముక్కలు, ఉప్పు, మిరియాలు. ఇరవై నిమిషాలు మరగనిచ్చి, మంట తగ్గించి మూడు గుడ్లు కొట్టి పోయాలి. పూర్వం మాంసం కొనలేని ఇళ్ళలో మాంసం లేని లోటు తీర్చిన వంట ఇది. ఖొరాసాన్ వైపు పుల్లటి ఎండు పళ్ళు కూడా వేస్తారు. మనం చింతపండు వేస్తే ఎవరూ కేసు పెట్టరు.

రొట్టెకి బర్బరీ తేలిక. అరకిలో మైదా, ఒక చెంచా ఈస్టు, ఒకటిన్నర చెంచా ఉప్పు, 325 మిల్లీలీటర్ల నీళ్ళు. పొద్దున్న ఆఫీసుకెళ్ళేముందు కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, సాయంత్రం బయటికి తీసి గంటసేపు వదిలేయండి. కిటుకంతా ‘రూమాల్’లో ఉంది. ఒక చెంచా పిండి, అర చెంచా వంటసోడా, అర కప్పు నీళ్ళు కలిపి పొయ్యి మీద జావలా ఉడికించడమే. రెండు రొట్టెలుగా సాగదీసి, ఈ జావ పూసి, వేళ్ళతో పొడుగ్గా చాళ్ళు నొక్కి, నువ్వులు చల్లి, 230 డిగ్రీల ఓవెన్‌లో పదిహేను, పద్దెనిమిది నిమిషాలు. ఆ సోడా వల్లే పైన బంగారు రంగు వస్తుంది. రొట్టె సగం తుంచి పులుసులో వేసుకోండి, సగం చేతిలో ఉంచుకోండి. పక్కన ఉల్లిపాయ, ఆవకాయ. వాళ్ళ వెనిగర్ ఊరగాయ కన్నా ఇదే బావుందని మా షిరాజ్ ఆయన కూడా ఒప్పుకున్నారు.