బీబాప్ స్వరశ్రేణి (యుకులేలే)

బీబాప్ స్వరశ్రేణి అనగా ఏడు స్వరాల శ్రేణికి మరొక స్వరాన్ని చేర్చగా ఏర్పడే ఎనిమిది స్వరాల శ్రేణి. జాజ్ సంగీతంలో దీనిని అప్పటికప్పుడు కల్పించి వాయించే వరుసలకు, కార్డుల నిర్మాణానికి ఉపయోగిస్తారు. కార్డు అనగా ఒకేసారి మ్రోగే మూడు లేదా అంతకంటె ఎక్కువ స్వరాల కూటమి. నాలుగు తీగల యుకులేలే ఈ పద్ధతికి చాలా అనువైన వాద్యం. ఏ మెట్టునూ నొక్కకుండా తీగలను మీటినప్పుడు మ్రోగేదే ఈ శ్రేణిలోని ఒక కార్డు.

చరిత్ర

బీబాప్ శైలి 1940వ దశకంలో న్యూయార్క్ నగరంలో రూపుదిద్దుకొన్నది. హార్లెం ప్రాంతంలోని మింటన్స్ ప్లేహౌస్ దీనికి ఒక ముఖ్య కేంద్రం. ఛార్లీ పార్కర్ (1920–1955), డిజ్జీ గిలెస్పీ (1917–1993) ఈ శైలికి ఆద్యులలో ప్రముఖులు. అయితే "బీబాప్ స్వరశ్రేణి" అనే పేరు వారు పెట్టినది కాదు. ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ బేకర్ (1931–2016) వారి వాయింపును పరిశీలించి, తరువాతి కాలంలో ఈ పేరును వ్యాప్తిలోనికి తెచ్చాడు. డెట్రాయిట్‌కు చెందిన పియానో విద్వాంసుడు బ్యారీ హారిస్ (1929–2021) ఈ శ్రేణి నుండి కార్డులను నిర్మించే పద్ధతిని విద్యార్థులకు బోధించాడు.

యుకులేలే హవాయి దీవుల వాద్యం. 1879లో మదీరా దీవి నుండి హవాయికి వలస వచ్చిన పోర్చుగీసువారి చిన్న తంత్రీవాద్యం దీనికి మూలం. లైల్ రిట్జ్ (1930–2017) 1957లో వెలువరించిన "హౌ అబౌట్ యూక్?" ఆల్బం యుకులేలేపై జాజ్ వాయింపుకు మార్గదర్శకమైనది.

ఎనిమిదవ స్వరం అవసరం

సరళీ వరుసలలో ఏడు స్వరాలకు తారస్థాయి షడ్జమం చేరి ఆదితాళపు ఎనిమిది అక్షరాలు నిండుతాయి. షడ్జమాన్ని రెండుసార్లు పలకకుండా ఒక స్థాయి నుండి మరొక స్థాయికి సాగితే లెక్క తప్పుతుంది. మొదటి స్థాయిలో దెబ్బ మీద పడిన షడ్జమం రెండవ స్థాయిలో దెబ్బల నడుమ పడుతుంది. జాజ్‌లో నాలుగు దెబ్బల ఆవర్తంలో దెబ్బకు రెండు స్వరాల చొప్పున వాయించేటప్పుడు ఇదే చిక్కు కలుగుతుంది.

దీనిని తొలగించడానికి పంచమానికి, చతుశ్రుతి ధైవతానికి (ద2) నడుమ శుద్ధ ధైవతాన్ని (ద1) చేరుస్తారు. అప్పుడు అవరోహణ "స ని ద2 ద1 ప మ గ రి" అవుతుంది. స, ద2, ప, గ దెబ్బల మీద పడతాయి. ఈ నాలుగూ కలిస్తే ఒక కార్డు. మిగిలిన ని, ద1, మ, రి కలిస్తే మరొక కార్డు.

కర్ణాటక సంగీతంతో పోలిక

సి స్వరాన్ని షడ్జమంగా తీసుకొంటే పై శ్రేణి శంకరాభరణ స్వరాలకు శుద్ధ ధైవతం చేర్చినట్లుంటుంది. మేళకర్త పద్ధతిలో ఒకే మేళంలో రెండు ధైవతాలు ఉండవు కనుక ఇది మేళం కాదు. మరొక బీబాప్ శ్రేణిలో హరికాంభోజి స్వరాలకు కాకలి నిషాదం చేరుతుంది. హరికాంభోజి జన్యమైన ఖమాస్ రాగంలోను కాకలి నిషాదం అన్యస్వరంగా వస్తుంది. ఈ పోలిక స్వరస్థానాలకే పరిమితం. రాగానికి గమకాలు, ప్రయోగాలు ప్రాణం. బీబాప్ శ్రేణిలో అదనపు స్వరం ప్రధానంగా లయ కోసం వచ్చినది.

యుకులేలేపై కార్డులు

యుకులేలే తీగలను నాలుగవ తీగ నుండి ఒకటవ తీగ వరకు జి, సి, ఇ, ఎ స్వరాలకు శ్రుతి చేస్తారు. అనగా ప, స, గ, ద2. నాలుగవ తీగ శ్రుతి మూడవ తీగ కంటె హెచ్చుగా ఉంటుంది. ప్రతి తీగపైనా శ్రేణిలోని తరువాతి స్వరానికి ఒకేసారి జరుగుతూ పోతే ఈ ఎనిమిది కార్డులు లభిస్తాయి. అంకెలు మెట్ల సంఖ్యలు. వరుస నాలుగవ తీగ నుండి ఒకటవ తీగకు.

1. 0-0-0-0: ప స గ ద2
2. 1-2-1-2: ద1 రి మ ని
3. 2-4-3-3: ద2 గ ప స
4. 4-5-4-5: ని మ ద1 రి
5. 5-7-5-7: స ప ద2 గ
6. 7-8-7-8: రి ద1 ని మ
7. 9-9-8-10: గ ద2 స ప
8. 10-11-10-11: మ ని రి ద1

పన్నెండవ మెట్టు వద్ద మొదటి కార్డే పై స్థాయిలో మరల వస్తుంది. సరిసంఖ్య గల కార్డులన్నిటికీ వ్రేళ్ళ అమరిక ఒక్కటే. మూడేసి మెట్లు జరిపితే చాలు. ఈ కార్డు స్థాయిని నాలుగు సమభాగాలు చేయడమే ఇందుకు కారణం.

బేసిసంఖ్య కార్డులు విశ్రాంతిని, సరిసంఖ్య కార్డులు విశ్రాంతికై ఎదురుచూపును కలిగిస్తాయి. పంచమం ఆధారంగా గల జి7 కార్డులోని ని, రి, మ స్వరాలు సరిసంఖ్య కార్డులలో ఉండటం వలన అవి చెవిని తిరిగి షడ్జమం వైపు నడిపిస్తాయి.

ఉపయోగం, పరిమితులు

పై వరుసలో ఒకటవ తీగ స్వరమే ప్రతి కార్డులోను అన్నిటికంటె హెచ్చు స్వరం. అందువలన ఈ స్వరాలలో సాగే పాటను ఒకటవ తీగపై వాయిస్తూ, ప్రతి స్వరానికి దాని కార్డును జోడించవచ్చు. కార్డుల పట్టికను కంఠస్థం చేసిన విద్యార్థికి పట్టికలో ఉన్నవే తెలుస్తాయి. ఈ కదలికను గ్రహించినవాడు కొత్త పాటకు కూడ కార్డులు కట్టగలడు.

యుకులేలేపై మంద్రస్వరాలు లేవు. ప, స, గ, ద2 కూటమికి షడ్జమం ఆధారమైతే అది సి6, ధైవతం ఆధారమైతే ఎ మైనర్ 7. మేళంలో వాయించేటప్పుడు ఈ రెంటిలో ఏది వినిపించాలో బేస్ వాద్యం నిర్ణయిస్తుంది.

ఇవి కూడా చూడండి

జాజ్ సంగీతం
మేళకర్త రాగాలు
శంకరాభరణం రాగం