వేగువాని కధికారపత్రము

మాయొద్ద బూర్వము చదువుకొనిన యొక చిన్నవాడు గడచిన వేసవి సెలవులలో మాయింటికి వచ్చి, ప్రైవేటు డిటెక్టివు కావలెనన్న నే పరీక్షలో నుత్తీర్ణుడు గావలెను, ఏ కచేరీనుండి లైసెన్సు పొందవలెను అని మమ్మడిగెను. వకీలునకు పట్టము కావలెను. వైద్యునకు పట్టము కావలెను. మోటారుబండి తోలువాడు సయితము లైసెన్సు లేక వీధిలోనికి రాజాలడు. కావున వాని ప్రశ్న సహేతుకమైనదే. మనదేశమున నీ వృత్తికి బ్రత్యేకమైన లైసెన్సే లేదని మేము చెప్పగా వాడు సంతోషించెను. మాకు మాత్రము సంతోషము కలుగలేదు. ఏల కలుగలేదో చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

పరుల రహస్యముల నారయుట క్రొత్తవిద్య కాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రపు మొదటి యధికరణముననే గూఢపురుషులను వర్ణించి, కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అని యొకచోట నిలిచి యుండువారిని, సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి యని తిరుగుచుండువారిని వేఱువేఱుగా విభజించెను. ఈ వేషముల చిత్రవిచిత్రములకంటె మాకు ముఖ్యముగా దోచునది యాతడు పెట్టిన యొక నియమము. ఒక్క వేగువాని మాటను నమ్మరాదు. ఒకరి నొకరెఱుగని ముగ్గురు తెచ్చిన వార్త యేకమైనప్పుడే దానిని విశ్వసింపవలెను. మాటిమాటికి విరుద్ధముగా జెప్పువానిని దండింపవలెను, లేదా తొలగింపవలెను. అనగా పరులను గనిపెట్టుటకు నియమించిన వానిని గనిపెట్టు నుపాయముగూడ నాతడు మఱచిపోలేదు. అయితే వారందఱును రాజసేవకులు. కూలి యిచ్చిన యే గృహస్థునికైనను, ఏ వర్తకునికైనను పనిచేయు వేగువాడు వేఱు. వాడు పందొమ్మిదవ శతాబ్దమున బుట్టినవాడు.

వానికి మూలపురుషుడు ఫ్రాంసుదేశపు విడాక్ అని చరిత్రకారులు చెప్పుదురు. ఇతడు 1775లో ఆరాస్ పట్టణమున జన్మించెను. యౌవనమంతయు చెఱసాలలకు బోవుటయు, వానినుండి తప్పించుకొని పాఱిపోవుటయు నయ్యెను. తుదకు పోలీసువారికి రహస్యవార్తలు తెలుపు వాడై, మెల్లమెల్లగా బారిసునగర రహస్యపరిశోధకశాఖకు నాయకుడయ్యెను. తన క్రింద బనిచేయుటకు గూడ నాతడు చెఱనుండి వెడలినవారినే యేఱుకొనెను. దొంగను దొంగయే పట్టగలడను లోకోక్తి యాతని మతము. ఆ కొలువు విడిచిన పిదప 1833లో సొంతముగా నొక సమాచారకార్యాలయమును దెఱచి, మోసగాండ్రవలన నష్టపడు వర్తకులకు బనిచేయ నారంభించెను. ప్రభుత్వపు పోలీసులకు నీ పోటీ సహింపరానిదయ్యెను. 1842లో నాతనిని బట్టిరి. క్రింది న్యాయస్థానము శిక్షించెను, పై న్యాయస్థానము విడిచిపెట్టెను. నేడు నేరస్థుడైనవానికి లైసెన్సు నిరాకరించు చట్టములను జదువునప్పుడు, ఈ వృత్తికి మొదటి యర్హత చెఱసాల యనుభవమే యయ్యెనుగదా యని మాకు నవ్వువచ్చుచుండును.

వృత్తికి గౌరవమును, అపకీర్తియు రెండును దెచ్చినవాడు అమెరికాలోని అలన్ పింకర్టన్. ఇతడు 1819లో స్కాట్లండులోని గ్లాస్గోనగరమున బీదకుటుంబమున బుట్టి, పీపాలు చేయు పని నేర్చి, 1842లో సముద్రము దాటి ఇల్లినాయి రాష్ట్రమున డండీయను గ్రామమున నివసించెను. ఒకనాడు పీపాలకు గావలసిన కఱ్ఱకొఱకు నదీమధ్యముననున్న యొక లంకకు బోగా, నచట నెవరో వంటచేసికొనిన నిప్పుల జాడ కనబడెను. నిర్జనమైన లంకలో నిప్పేల యని రాత్రులు కాచి చూచి, యది దొంగనాణెములు చేయువారి స్థావరమని కనుగొని, అధికారికి దెలిపి పట్టించెను. పీపాలవాడు డిటెక్టివగుట యిట్లు జరిగెను. 1850 ప్రాంతమున షికాగోలో నాతడు స్థాపించిన కార్యాలయమునకు దెఱచియున్న కన్ను గుర్తు. తాము నిద్రింపమని దాని క్రింద వ్రాయించెను.

ఆనాడు పింకర్టనునకు లైసెన్సు నిచ్చు సర్కారు బోర్డు లేదు. కావున దన యుద్యోగులకు దానే నియమములు వ్రాసెను. వానిలో నొకటి మన గృహస్థులు వినదగినది. విడాకుల వ్యాజ్యములను దీసికొనరాదు. వేఱొక నేరముతో సంబంధములేక కేవలము స్త్రీల శీలము నారయు పనికి బూనుకొనరాదు. ఈ నియమములను రచించినవాడు సన్న్యాసి కాడు, ధనార్జనపరుడే. అయినను నింటిగుట్టును విక్రయించుట నీచమని యాతనికి దోచెను.

1856లో నిరువదిమూడేండ్ల వితంతువు కేట్ వార్న్ యను నామె యాతని కార్యాలయమునకు వచ్చి యుద్యోగ మడిగెను. వ్రాతపని కాబోలునని యాతడు తలచెను. డిటెక్టివుపని కావలెనని యామె చెప్పెను. పురుషులు పోలేని చోట్లకు స్త్రీ పోగలదనియు, నేరగాండ్ర భార్యలతో నేస్తముచేసి నిజము రాబట్టగలదనియు వాదించెను. పింకర్టన్ యొక రాత్రి యాలోచించి మఱునా డామెను నియమించెను. ఆ సంవత్సరముననే మనదేశమున వితంతువివాహములను ధర్మసమ్మతము చేయు శాసనము వెలువడెను. మన తెలుగునాట నట్టి మొదటి వివాహమును జేయించుటకు వీరేశలింగముపంతులుగారికి 1881 దాక బట్టెను. దేశములను బోల్చి మనవారిని దూషించుట మా యుద్దేశము కాదు. అక్కడను స్త్రీలకు వోటులేని కాలమది. ఒక వితంతువు తన బుద్ధిని నమ్ముకొని వాకిలి తట్టినప్పుడు తెఱచినవా డొకడుండెను, అంతియే.

1861లో లింకను గారు అధ్యక్షపదవి స్వీకరించుటకు వాషింగ్టనునకు బోవుచుండగా బాల్టిమోరులో జంపదలచిరని పింకర్టనునకు వార్త తెలిసెను. కేట్ వార్న్ దక్షిణదేశపు కులీనస్త్రీవలె బాల్టిమోరులో దిరిగి గుట్టు సేకరించెను. ఆమె రోగియైన తమ్మునికని చెప్పి రైలులో బండుకొను స్థలము సంపాదింపగా, నాయనను రాత్రివేళ నాయూరు దాటించిరి. కుట్ర యెంతవఱకు నిజమోయని నేటికిని జరిత్రకారులు తర్కించుచున్నారు. ఆమె 1868లో మరణింపగా బింకర్టన్ తన కుటుంబపు శ్మశానభూమిలోనే సమాధి చేయించెను.

ఇంతవఱకు గథ మనోహరముగా నున్నది. తరువాతిది వేఱు. రైలుకంపెనీలును, గనుల యజమానులును పింకర్టనుమనుష్యులను గార్మికసంఘములలోనికి బంప నారంభించిరి. 1873లో మెక్‌పార్లండ్ యను నొక డిటెక్టివు మాఱుపేరుతో బెన్సిల్వేనియా బొగ్గుగనుల ఐరిషు కూలీలలో జేరి, రెండేండ్లకుపైగా వారితో దిని త్రాగి, పిదప సాక్ష్యము చెప్పెను. ఇరువదిమందిని ఉరితీసిరి. వారిలో నేరస్థులు లేకపోలేదు. కాని డిటెక్టివును గూలికి నియమించిన రైలుకంపెనీ యధ్యక్షుడు గోవెన్ తానే న్యాయస్థానమున బ్రాసిక్యూషను పక్షమున వాదించెను. వేగువానికి గూలి యిచ్చినవాడే వాది, వాదియే వకీలు. ఇట్టి విచారణలో నిరపరాధి యొక్కడైన జిక్కుకొనలేదని యెవడు చెప్పగలడు?

1892 జూలై 6వ తేదిన హోంస్టెడ్ ఉక్కుకర్మాగారమున జరిగినది యంతకంటె బహిరంగము. కార్మికులతో దగవుపడిన యజమానులు మున్నూఱుమంది పింకర్టనువారిని దుపాకులతో బడవలపై రాత్రి నది వెంబడి రప్పించిరి. వారిలో బలువురు పనిలేక తిరుగుచు నప్పటికప్పుడు కూలికి గుదిరినవారు, ఎక్కడికి బోవుచున్నారో వారికే తెలియదు. ఒడ్డున గార్మికులు, నీటిపై వీరు. పగలంతయు గాల్పులు జరిగి, యిరువైపులను బదిమంది ప్రాంతమున మరణించిరి. మరుసటి సంవత్సరమున నమెరికా కాంగ్రెసువారు పింకర్టనుసంస్థవంటివాని యుద్యోగులను గేంద్రప్రభుత్వము నియమింపరాదని చట్టము చేసిరి. కాని కంపెనీలకు నడ్డులేదు. 1936 మొదలుకొని సెనేటరు లా ఫోలెట్ గారి సంఘము విచారించి కార్మికులలో వేగువారిని బెట్టు వ్యాపారమును బయలుపఱచగా, 1937లో బింకర్టనుసంస్థ యా పనిని మానుకొనెను.

లైసెన్సు పట్ల నచటి ప్రజల కాసక్తి యేల పుట్టినదో యీ చరిత్రను జూచిన దెలియును. అమెరికాలో దీనికి దేశమంతటికి నొకే చట్టము లేదు. రాష్ట్రమునకొక విధము, కొన్నిట నేమియు లేదు. కాలిఫోర్నియా నియమములు కఠినమైనవి. పదునెనిమిదేండ్లు నిండవలెను. వ్రేలిముద్రలిచ్చి, రాష్ట్రపు దప్తరములలోను, కేంద్రపు దప్తరములలోను దన నడవడిని వెదకనీయవలెను. కూలి పుచ్చుకొని మూడేండ్లు, అనగా 6,000 గంటలు, పరిశోధనలో బనిచేసి యుండవలెను. న్యాయశాస్త్రమునగాని పోలీసుశాస్త్రమునగాని పట్టము గలవానికి 4,000 గంటలు చాలును. ఆమీద రెండుగంటల పరీక్ష. ఇంత చేసినను వానికి దొరకునది పోలీసు అధికారము కాదు. ఇతరుల యింట జొరబడుటకు వానికి హక్కు లేదు. సర్కారు మనిషినని భ్రమ కలిగింపరాదు. పనియిచ్చినవానికి దెలిసి యబద్ధపు నివేదిక నిచ్చుట నేరము. సంపాదించిన గుట్టును, చట్టము కోరిననే తప్ప, పనియిచ్చిన వానికి గాక యితరులకు జెప్పరాదు. తప్పు చేసినచో లైసెన్సును లాగికొనుట కొక కచేరీ కలదు. మా దృష్టిలో నియమములన్నిటికంటె నీ కడపటిదే విలువైనది.

ఇంగ్లండువారు 2001లో జేసిన చట్టమున గావలివాండ్రతోబాటు ప్రైవేటు పరిశోధకులను గూడ జేర్చిరి. కావలివాండ్రకు లైసెన్సులు వచ్చినవి, పరిశోధకుల భాగము నమలునకు దేక విడిచిరి. మనదేశమున 2005 చట్టము కావలిసంస్థలకు మాత్రమే. డిటెక్టివుసంస్థలకొఱకు 2007లో రాజ్యసభలో నొక బిల్లు ప్రవేశపెట్టిరి. కేంద్రమునను రాష్ట్రములందును బోర్డులుండవలెననియు, లైసెన్సు లేక పనిచేయుట నేరమనియు దానిలో నుండెను. అది పదమూడేండ్లు పడియుండి 2020లో నుపసంహరింపబడెను. 2017లో సుప్రీముకోర్టువారు గోప్యత ప్రాథమికహక్కని తీర్పుచెప్పిరి. ఆ మఱుసటియేడే ఠాణే పోలీసులు, పరుల టెలిఫోను పట్టికలను దొంగతనముగా గొని యమ్మిరని కొందఱు ప్రైవేటు డిటెక్టివులను నిర్బంధించిరి.

ఇది దూరపుమాట కాదు. మేమెఱిగిన యొక కుటుంబమున బిల్లకు నిశ్చితార్థమైన పిమ్మట, పెండ్లికుమారునివారు డిటెక్టివును నియమించిరి. అతడు రెండు పుటల నివేదిక నిచ్చెను. ఆ పిల్ల యొక యువకునితో దిరిగెడిదని యందు వ్రాసియుండెను. సంబంధము చెడెను. ఆ యువకు డామె మేనమామ కుమారుడనియు, వానితోగూడి యామె యాసుపత్రిలోనున్న తాతగారికి భోజనము పట్టుకొనిపోయెడిదనియు దరువాత దెలిసినది. డిటెక్టివు విచారించినది గోడతగాదా గల పొరుగింటివారిని మాత్రమే. ముగ్గురి మాట యేకము కావలెనన్న కౌటిల్యుని నియమమైన నాతడు పాటింపలేదు. పెండ్లికుమారుని నడవడి నెవరును విచారింపలేదు, అది వేఱుమాట. పిల్లతండ్రి మాయొద్దకు వచ్చి, ఈ నివేదిక వ్రాసినవానిపై నెక్కడ నర్జీ పెట్టుకొనవలెనని యడిగెను. పరువునష్టపు దావా వేయవచ్చును. ఏండ్లు పట్టును, పిల్లపేరు కోర్టులో బఠింపబడును. ఆయన యూరకుండెను. వకీలు తప్పుచేసినచో బారు కౌన్సిలు కలదు, వైద్యుడు తప్పుచేసినచో వైద్యమండలి కలదు. ఈ వృత్తివాని నెవరెదుట నిలువబెట్టవలెను?

ఈ కథనంతయు మా విద్యార్థికి జెప్పితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. పిదప, అట్లైన నేనేమి చదువవలెను మాస్టరుగారూ, అని యడిగెను. న్యాయశాస్త్రము చదువుము, సాక్ష్యచట్టమును బాగుగ నేర్చుకొనుము, విన్నదానిని జూచినదానితో గలిపి వ్రాయకుండుట యభ్యసింపుము అని చెప్పితిమి. వాడు తలయూపి, కాలిఫోర్నియావారి యాఱువేల గంటలు తాను స్వచ్ఛందముగా లెక్కపెట్టుకొందుననెను. కాని యా గంటలు గడపుటకు దగిన గురువు మనయూళ్ల నెవరున్నారని వాడడిగినప్పుడు, ఏ పేరును మా నోటికి రాలేదు.