పళ్ళెం మాయమయ్యే లోతు

డేటా మీద బతికే ఉద్యోగం నాది. అయినా ఒక పళ్ళెం, ఒక తాడు, ఒక పెన్సిల్‌తో ఇంత గట్టి డేటా పోగవుతుందని మొన్నమొన్నటిదాకా నాకు తెలీదు.

కథ సముద్రంలో మొదలైంది. 1865 ఏప్రిల్‌లో ఆంజెలో సెక్కి అనే జెసూట్ ఫాదర్, పోపుగారి ఓడ మీంచి తెల్లటి పళ్ళేల్ని నీళ్ళలోకి దింపాడు. ఎంత లోతుకెళ్ళాక కంటికి ఆనకుండా పోతే నీళ్ళు అంత తేట. అంతే సిద్ధాంతం. ఈయన ఖగోళ శాస్త్రవేత్త. జీవితమంతా సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ చూసినవాడి పేరు చివరికి ఒక పళ్ళేనికి అతుక్కుపోవడం భలే అనిపించింది. 1899లో జార్జ్ విపుల్ అనే అమెరికన్ దానికి నలుపు తెలుపు పావులు వేశాడు. మంచినీటి సరస్సుల్లో ఇప్పటికీ ఎక్కువగా దించేది ఆ 20 సెంటీమీటర్ల బిళ్ళనే.

అసలు మలుపు మినెసోటాలో. పది వేల సరస్సుల రాష్ట్రమని దానికి పేరు. అన్నిటికీ శాస్త్రవేత్తల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? 1973లో అక్కడి యూనివర్సిటీ గట్టున ఉండేవాళ్ళనే సాయం అడిగింది. పడవేసుకుని లోతైన చోటికెళ్ళాలి, నీడ పడే వైపు నుంచి పళ్ళెం దింపాలి. మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడ్డ లోతు, రెంటి సగటు రాసుకోవాలి. వేసవంతా. ఏళ్ళ తరబడి. ఎరువులూ మురుగూ చేరితే నాచు పెరుగుతుంది, పళ్ళెం ముందే మాయమవుతుంది. (బురదొచ్చినా అంతే. కారణం పళ్ళెం చెప్పదు.)

జీతం లేనివాళ్ళ కొలతల్ని నమ్మొచ్చా? నాకూ వచ్చిందీ అనుమానం. ఒక్క రోజు కొలత నిజంగానే అంతంతమాత్రం. అలలుంటాయి, ఎండ మారుతుంది, కళ్ళు తేడా. కానీ అదే చోట ఇరవై వేసవుల కొలతలుంటే, సరస్సు ఎటు పోతోందో కనబడిపోతుంది.

తర్వాత యూనివర్సిటీ పరిశోధకులు లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో 1985 నుంచి 2005 దాకా పది వేలకు పైగా సరస్సుల తేటదనాన్ని లెక్కగట్టారు. ఉపగ్రహానికి కనబడేది రంగు మాత్రమే. ఆ రంగంటే ఎన్ని మీటర్లో చెప్పడానికి, దాదాపు అదే రోజుల్లో పడవ మీంచి తీసిన కొలతలు కావాలి. వాటిలో చాలా భాగం ఈ వాలంటీర్లవే. వీళ్ళని ‘సహాయకులు’ అంటే నాకు ఒప్పదు. మా భాషలో వీళ్ళు గ్రౌండ్ ట్రూత్. ఆ రోజు పడవెక్కకపోతే, ఆ రోజు నీళ్ళని ఇప్పుడు ఎంత డబ్బు పోసినా కొలవలేం.

మా ఊరి చెరువులో ఒకప్పుడు అడుగున చేపలు కనబడేవట. ఎంత లోతుదాకా నాన్నా అనడిగితే, ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించారు. చిన్నప్పటి ఛాతీయా, ఇప్పటిదా అని నేను మళ్ళీ అడగలేదు.