బ్రతికిన కాలేజి



నేటి మన బిడ్డలు సింగపూరువంటి నగరములకు బోయి, అచ్చటి జంతుశాలలో వెదురు మేయు చీనాదేశపు పాండాలను చూచివచ్చి ఆ వింతలు చెప్పుచున్నారు. మన తాతల కాలమున వాడరేవు, చీరాల, బాపట్ల ప్రాంతములవారికి అట్టి వింతలు చూడవలెనన్న చెన్నపట్టణమే గతి. పోయివచ్చినవారిని ఊరివారు అడుగుచుండిన ప్రశ్న యిది: "చచ్చిన కాలేజి చూచితివా? బ్రతికిన కాలేజి చూచితివా?"

మొదటిది ఎగుమూరులోని వస్తుప్రదర్శనశాల. రెండవది జంతుశాల. చదువుకొన్నవారు ఈ మాటలు విని నవ్వుదురు. కాని యిందు నవ్వదగినది లేదు. పల్లెవారి యీ మాటలో గొప్ప చరిత్ర యున్నది.

ఇంగ్లాండునుండి కొలువునకు వచ్చిన కుఱ్ఱ దొరలకు దేశభాషలు నేర్పుటకై, ఎల్లిసు దొర పూనికతో 1812లో చెన్నపట్టణమున సెంటుజార్జికోట కాలేజి వెలసెను. అచ్చట తెలుగు పండితులు ఉపాధ్యాయులుగ నుండిరి. 1816లో కేంబెలు దొర రచించిన తెలుగు వ్యాకరణము ఆ కాలేజి ముద్రాలయముననే అచ్చయ్యెను. 1817లో వచ్చిన బ్రౌను దొర తెలుగు నేర్చుకొన్నదియు ఆ కాలేజి విద్యార్థిగానే.

1851లో ఆ కాలేజి మేడపైననే వస్తుప్రదర్శనశాలను తెఱచిరి. దానికి అధికారి బాల్ఫరు అను వైద్యుడు. రాళ్లను, ఎముకలను చూడబోయిన జనము "కాలేజికి పోవుచున్నాము" అనియే చెప్పుకొని యుందురు. 1854లో ప్రదర్శనశాల ఎగుమూరునకు తరలెను. కాలేజిని నడపుచుండిన సభయు ఆ యేటనే రద్దయ్యెను. జనుల నోట కాలేజి మాత్రము నిలిచెను.

ప్రాణమున్న మృగములను చూపినచో జనము మఱింత వత్తురని బాల్ఫరు గ్రహించెను. కర్ణాటక నవాబు తన మృగములను ఒసగెను. 1855లో ఎగుమూరు ఆవరణముననే జంతుశాల యేర్పడెను. మఱుసటి యేటికి అందు 300లకు పైగా ప్రాణులుండెను. ఒకే చోట రెండు శాలలు! గడ్డి కూరిన జంతువులున్నది చచ్చిన కాలేజి; గర్జించు జంతువులున్నది బ్రతికిన కాలేజి. ఇంతకంటె సూటిగా ఏ పండితుడు పేరు పెట్టగలడు?

1863లో జంతుశాల పీపుల్సు పార్కునకు మాఱెను. ఆ దినములలో మనవారు పెదగంజాము మీదుగ బకింగుహాము కాలువలో పడవపై పోవలసినదే. 1899లో బెజవాడ, చెన్నపట్టణములకు నడుమ రైలుమార్గము కలిసిన పిదప చీరాలలో బండి యెక్కుట సాధ్యమయ్యెను. సెంట్రలు స్టేషనులో దిగినవారికి ఆ పార్కు ప్రక్కనే. బాల్యమున మా తాతగారి వెంట బోయి నేనును అచ్చటి సింహమును చూచితిని.

1985లో ఆ జంతుశాల వండలూరు అడవికి తరలెను. మృగములు తరలినవి గాని మాట తరలలేదు. నేటి పిల్లలకు ఆ పేరే తెలియదు.

పాత వస్తువులను దాచుటకు శాలలున్నవి. పాత మాటలను దాచువారు మీరే. మీ యూరి ముసలిమాటను ఎవరైన మోటుదని వెక్కిరించినపుడు, అది యెచ్చట పుట్టినదో, ఎవరి నోట పెరిగినదో విచారింపుడు. తెలిసినంత మనుమలకు చెప్పుడు. కాలేజి మూతపడి నూటడెబ్బదియేండ్లు దాటినను దాని జాడ నిలిపినది మన పల్లెటూరి నోరే గదా!