గ్రామీణ ప్రాంతాల్లో మద్యవిముక్తి సమావేశాలు: దూరం, గోప్యత, కొనసాగింపు

సంగ్రహం

తాగుడు మానాలనుకునే పల్లెవాసికి సహాయక బృందం అందకపోవడానికి రోడ్డు దూరం ఒక్కటే కారణం కాదు. ఊళ్లో గోప్యత నిలవదు, మానిన తర్వాత తోడు దొరకదు. సొంత ఊళ్లో కంటే మండల కేంద్రంలో, పగటిపూట, వైద్యంతో ముడిపడి జరిగే సమావేశమే తెలుగు పల్లెలకు తగినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఉపోద్ఘాతం

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ జరిపిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి సహాయం అవసరమని అది లెక్కగట్టింది. మద్య వ్యసనపరుల్లో ప్రతి 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని ఆ సర్వే తేల్చింది.

తెలుగునాట తాగుడుపై పోరాటమంటే 1992 నాటి దూబగుంట గుర్తుకొస్తుంది. నెల్లూరు జిల్లా స్త్రీలు లేవదీసిన ఆ ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలింది. ఉద్యమం గురిపెట్టింది అమ్మకం మీద. మానేసిన మనిషి సాయంత్రం పూట ఎవరి పక్కన కూర్చోవాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

సమావేశం చేసే పని

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో పుట్టింది. బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరి కష్టం ఒకరు విని, ఒకరికొకరు ఊతమయ్యారు. 1957లో అది బొంబాయికి చేరింది. చేరడానికి రుసుము లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. 2020లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి పన్నెండు మెట్ల బృందాలకు క్రమపద్ధతిలో జోడించే చికిత్స పొందినవారు, ఇతర చికిత్సలు పొందినవారికంటే ఎక్కువగా మద్యానికి పూర్తిగా దూరంగా నిలవగలిగారని తేల్చింది.

బృందం విలువ మన అనుభవంలోనూ ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి 41 రోజులు చుక్క ముట్టడు. గురుస్వామి, తోటి స్వాములు, రోజూ భజన, ఊరంతా ఇచ్చే మర్యాద అతణ్ణి నిలబెడతాయి. మాల తీశాక ఆ వలయం చెదిరిపోతుంది, చాలామంది మళ్లీ తాగుడులో పడతారు. లోపం సంకల్పంలో లేదు, కొనసాగింపులో ఉంది.

మూడు అడ్డంకులు

మొదటిది ప్రయాణం. పట్టణంలో సాయంత్రం జరిగే సమావేశానికి వెళ్తే ఊరికి చివరి బస్సు దాటిపోతుంది. పగలు వెళ్తే కూలి పోతుంది. బెల్టు షాపు మాత్రం నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

రెండోది గోప్యత. నగరంలో పేరు చెప్పకుండా కూర్చోవచ్చు. పల్లెలో మనిషి ఇంటిపేరుతో, కులంతో, వాడతో సహా అందరికీ తెలుసు. ఎవరి బండి ఎక్కడ ఆగిందో పొద్దుగూకేలోగా ఊరంతా పాకుతుంది. రామాలయం, చర్చి, ఏదో ఒక వాడలోని కమ్యూనిటీ హాలు, ఏది ఎంచుకున్నా కొందరికి గుమ్మం మూసుకుపోతుంది. తాగే స్త్రీలకు ఈ భయం ఇంకా ఎక్కువ. అందుకే ఎవరికీ చెందని చోటు కావాలి.

మూడోది వైద్యం. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఉన్నట్టుండి మానితే చేతులు వణకడం, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ రావచ్చు, ప్రాణాపాయం కూడా. తాగుడు మాన్పించే మాత్రలను తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపడమూ ప్రమాదకరమే. ముందు ఆసుపత్రి, ఆపైన సమావేశం.

ఉన్న నమూనాలు

తమిళనాడులోని మంజక్కుడిలో చెన్నైకి చెందిన టి.టి.రంగనాథన్ ఫౌండేషన్ పల్లెలోనే శిబిరాలు నడిపింది. రోగిని నగరానికి తరలించకుండా, ఊరిని, కుటుంబాన్ని చికిత్సలో భాగం చేసింది. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది పురుషులతో జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన స్థానికులు ఇచ్చిన కౌన్సెలింగ్ మేలు చేసిందని అది చూపింది. ఈ రెండు నమూనాల్లోనూ సాయమే రోగి ఉన్న చోటికి వెళ్లింది.

ముగింపు, ప్రతిపాదన

సహాయం కోసం వెతుకులాట మొదలుపెట్టేవారు జాతీయ వ్యసనవిముక్తి హెల్ప్‌లైన్ 14446కు, మానసిక సహాయానికి టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం మరో దారి. దగ్గర్లో సమావేశం లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసినా బృందమవుతుందని ఆల్కహాలిక్స్ అనానిమస్ సంప్రదాయమే చెబుతోంది. సమావేశాల మధ్య తోడుగా ఫోన్ పలకరింపు చాలు.

సాయం దగ్గరికి రావాలి, గోప్యతా నిలవాలి. అందుకు మండల కేంద్రంలో సంత రోజున మధ్యాహ్నం సమావేశం పెడితే, ఎవరు ఎందుకొచ్చారన్న ప్రశ్న రాదు. సరుకుల కోసం వచ్చినవారు ఒక గంట కూర్చుని వెలుతురుండగానే ఇల్లు చేరతారు. అది ఆరోగ్య కేంద్రం ఆవరణలో, పేర్లు రాసే రిజిస్టరు లేకుండా, పక్క గదిలో కుటుంబాలకు వేరే సమావేశంతో సాగాలి. గది ప్రభుత్వం ఇవ్వాలి, నడిపేది తాగుడు మానినవారే అయి ఉండాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లినప్పుడు ఆ సంగతి చెబితే చాలు, ఎవరినీ బలవంతంగా లాక్కురాకూడదు. మద్యం దుకాణానికి లైసెన్సు ఇచ్చే ప్రతి మండలంలో మానాలనుకునేవారికి వారానికి ఒక గంట, ఒక గది కేటాయించడం ప్రభుత్వ కనీస బాధ్యత.