అట్లతద్ది: అన్నలు చూపిన దొంగ చంద్రుడు

ఆశ్వయుజ బహుళ తదియ వచ్చిందంటే గోదావరి జిల్లాల ఊళ్లు చీకటితోనే మేలుకునేవి. గోరింటాకు పండిన చేతులతో ఆడపిల్లలు లేచి, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగుతో అన్నం తిని ఉయ్యాలల దగ్గరికి చేరేవారు. ఆపైన చంద్రుడు కనబడేదాకా ఉపవాసం. పెళ్లయినవాళ్లు ఐదోతనం కోసం, కానివాళ్లు మంచి మొగుడి కోసం. వ్రత పుస్తకాల్లో దీని పేరు చంద్రోదయోమావ్రతం.

వ్రతకథలో రాజుగారి కూతురు ఆకలికి సొమ్మసిల్లుతుంది. చూడలేక అన్నలు గడ్డికుప్పకు నిప్పుపెట్టి, చెట్టుకొమ్మకు అద్దం కట్టి, అదిగో చంద్రుడంటారు. నమ్మి తినేస్తుంది. వ్రతభంగమై, వచ్చిన సంబంధాలన్నీ ముసలివాళ్లవే అవుతాయి. చివరికి గౌరీశంకరుల దయతో మళ్లీ నోము నోచి గట్టెక్కుతుంది.

ఉత్తరాది కర్వా చౌత్ కథ కూడా దాదాపు ఇదే. అక్కడ వీరావతి, ఏడుగురు అన్నలు, అదే దొంగ చంద్రుడు. తిథులు చూస్తే చుట్టరికం ఇంకా తేటపడుతుంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకు పున్నమితో. కాబట్టి వాళ్ల కార్తిక కృష్ణ చవితి మన ఆశ్వయుజ బహుళ చవితే, అంటే అట్లతద్ది మర్నాడు. 1612 నాటి నిర్ణయసింధువులో కమలాకరభట్టు కరక చతుర్థిని, అంటే ఈ కర్వా చౌత్‌నే, పేర్కొన్నాడు. అయితే ఇలాంటి ఆడవాళ్ల నోములు గ్రంథాలకెక్కే ముందు ఎన్ని తరాలు నోటిమాటగా నడిచి ఉంటాయో!

అసలు ఈ కథ బహుళపక్షంలోనే పుట్టగలదు. శుక్లపక్షపు తదియనాడు పొద్దుగుంకేసరికే నెలవంక పడమట ఉంటుంది. బహుళ తదియకైతే సూర్యుడు దిగాక చాలాసేపు ఆకాశం చీకటి. రోజంతా పస్తున్న పిల్లకు ఆ వేళే అన్నిటికన్నా బరువు. అన్నల మంట వెలిగింది సరిగ్గా అప్పుడే.

రెండు కథలూ విడిపోయేది శిక్ష దగ్గర. వీరావతికి భర్త పోతాడు. మన రాజకుమారికి ఇంకా భర్తే లేడు. ముసలి మొగుడు వస్తాడన్నదే భయం. ఈ తేడా నన్ను కలచివేస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడింది 1892లో. పసిపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివాళ్లకు కట్టబెట్టిన ఇళ్లు అప్పుడు కళ్లెదుటే ఉన్నాయి. అలాంటి ఇళ్లలో అక్షింతలు పట్టుకుని ఈ కథ వింటున్న పిల్లకు అది రాజుగారింటి సంగతిలా తోచి ఉండదు. ఉపవాసంలో లోటే కారణమని చెప్పి, తప్పంతా ఆ పిల్ల ఆకలి మీదికి నెట్టడం మాత్రం అన్యాయమే.

సాయంత్రం గౌరీపూజ, చేతికి తోరం, చంద్రదర్శనం. ఆ తర్వాత ముత్తైదువకు అట్ల వాయనం. పదో పదకొండో, ఇంటి ఆనవాయితీని బట్టి. ఏళ్ల తరబడి నోచి ఉద్యాపన చేసుకునేనాడు అంతమంది ముత్తైదువలకు అన్నేసి అట్లు పోయాలి. పిండి రుబ్బడం దగ్గర్నుంచీ ఆ పనికి ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేయి వేసేవారు.