ఇంగ్లండ్ కాలువల మీద తొందరా, నిదానమూ

ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్ల మీద కాపురం ఉంటూ ఊరూరా తిరిగేవారి గురించి వచ్చిన పుస్తకాలు చాలావరకు ఒక మాట దగ్గర కలుస్తాయి. కాలువ స్వభావమే నిదానమట. రైలూ మోటారూ వచ్చి లోకాన్ని పరుగులు పెట్టించినా కాలువ మాత్రం తన పాత నడక మానలేదట. గంటకు నాలుగు మైళ్ళు మించకూడదన్న నేటి నిబంధనను కూడా ఆ నడకకు వారసురాలిగానే చూపిస్తారు. ఈ కథ వినసొంపుగా ఉంటుంది గాని, చరిత్రలో దానికి ఆధారం చాలా పలచన. రెండున్నర శతాబ్దాల కాలువ జీవితంలో పడవ మీద బతికినవాళ్ళు నిదానాన్ని కోరి ఎంచుకున్నది చివరి ఎనభై ఏళ్ళలోనే. అంతకుముందు వాళ్ళ నడకను కూలి లెక్క నిర్ణయించింది.

తొలి ఘట్టం అందరికీ తెలిసిందే. 1761లో వర్స్‌లీ గనుల బొగ్గు బ్రిడ్జ్‌వాటర్ కాలువ మీదుగా మాంచెస్టర్ చేరింది. 1777లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పూర్తయింది. జేమ్స్ బ్రిండ్లీ ఖర్చు తగ్గించడానికి లాకులను ఏడడుగుల వెడల్పుకు కుదించాడు. డెబ్బై అడుగుల పొడవు, ఏడడుగుల లోపు వెడల్పు ఉన్న నారోబోట్ అలా పుట్టింది. ఒక్క గుర్రం పాతిక టన్నులకు పైగా లాగేది. కాలువ గొప్ప అంతా ఆ బరువులోనే ఉంది, వేగంలో లేదు. గోదావరి డెల్టాకు కాలువలిచ్చిన ఆర్థర్ కాటన్ 1870లలో రైళ్ళకు డబ్బు తగ్గించి జలమార్గాలకు పెట్టమని పోరినప్పుడు ఆయన వాదన సారం కూడా ఇదే: భారతదేశానికి ముందు కావలసింది చౌక రవాణా.

అసలు వివాదం 1830 తర్వాతి అర్ధశతాబ్దం గురించి. రైలు రాగానే కాలువ ఓటమి ఒప్పుకుని నెమ్మదించిందని మామూలుగా చెబుతారు. దొరికే సాక్ష్యం వేరే చెబుతోంది. సరుకు రవాణాలో 'ఫ్లై బోట్లు' అప్పటికే ఉన్నాయి. మనుషులు వంతులు మార్చుకుంటూ, గుర్రాలను మార్చుకుంటూ రాత్రింబవళ్ళు నడిపేవారు. లాకుల దగ్గర వాటికే ముందు దారి. ప్రయాణికుల పడవలైతే ఇంకా వేగం. గ్లాస్గో–పెయిస్లీ కాలువ మీద తేలికైన సన్నపడవలను గుర్రాలు దౌడు తీస్తూ గంటకు తొమ్మిది, పది మైళ్ళ వేగంతో లాగాయి. 1833లో లాంకాస్టర్ కాలువ మీద 'వాటర్‌విచ్' ప్రెస్టన్–కెండల్ మధ్య 57 మైళ్ళ ప్రయాణాన్ని దాదాపు సగం కాలానికి తగ్గించింది. అప్పటికి లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు నడుస్తూ మూడేళ్ళు!

ఇది ఎలా సాధ్యమైందో ఇంజనీరు జాన్ స్కాట్ రస్సెల్ పరిశోధన చెబుతుంది. 1834 ఆగస్టులో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువ మీద రెండు గుర్రాలు లాగుతున్న పడవ హఠాత్తుగా ఆగింది. దాని ముందు పేరుకున్న నీరు మాత్రం ఆగలేదు. అడుగు, అడుగున్నర ఎత్తున, నున్నగా గుండ్రంగా ఉన్న ఒంటరి అల గంటకు ఎనిమిది, తొమ్మిది మైళ్ళ వేగంతో ముందుకు సాగిపోయింది. రస్సెల్ గుర్రం మీద ఒకటి రెండు మైళ్ళు దాన్ని వెంబడించాడు. నీటి లోతును బట్టి అలకు ఒక వేగం ఉంటుంది. పడవ ఆ వేగాన్ని సమీపించేకొద్దీ తానే లేపిన అలను ఎక్కలేక పెనుగులాడుతుంది, గట్లు కోసుకుపోతాయి. దాన్ని దాటితే అల మీదెక్కి తేలిగ్గా పోతుంది. పెయిస్లీ పడవల రహస్యం ఇదే. కాబట్టి కాలువకు వేగం విరుద్ధమన్నది సరికాదు. నిండు బొగ్గు పడవకే విరుద్ధం. నాలుగు మైళ్ళ హద్దు గట్టును కాపాడే హద్దు.

అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ దౌడు పడవలు కొద్ది కాలువలకే పరిమితం, పైగా వాటి మీద ఎవరూ కాపురం ఉండలేదు. కాపురాల సంగతి విడిగా చూడాలి. రైలుతో పోటీపడి కిరాయిలు పడిపోయాక పడవవాళ్ళు ఇంటి అద్దె మిగుల్చుకోవడానికి పెళ్ళాం పిల్లలను పడవెక్కించారని పాత పుస్తకాలు చెబుతాయి. రైలుకు ముందే కుటుంబ పడవలు ఉన్నాయని తర్వాతి చరిత్రకారులు గట్టిగానే చూపారు. నా దృష్టిలో రెండూ నిజమే. రైలు ఆ అలవాటును పుట్టించలేదు, తప్పనిసరి చేసింది.

తప్పనిసరి అయ్యాక నడక ఎలా ఉంది? కూలి టన్నుకింత, ట్రిప్పుకింత. గడ్డకట్టిన కాలువ మీద ఆగిన రోజులకు, సరుకు కోసం రేవులో ఎదురుచూసిన రోజులకు చేతికొచ్చేది సున్నా, లేదా నామమాత్రం. అందుకే లాకు దగ్గర ఒక్కో నిమిషానికీ విలువ. ధవళేశ్వరం లాకులు చూసినవారికి చెప్పనక్కర్లేదు: నీటిమట్టం మనవైపు ఉంటే తలుపు తీసి లోపలికి పోవడమే, లేకుంటే నింపేదాకా, ఖాళీ అయ్యేదాకా నిలబడాలి. కుటుంబంలో ఒకరు ఇనుప హ్యాండిల్ పట్టుకుని గట్టు వెంట ముందుకు పరిగెత్తి, తూము ఎత్తి, లాకును సిద్ధం చేసేవారు. ఎదుటి పడవ ముందు చేరితే ఆ శ్రమ వృథా. వంతుల కోసం తగాదాలు అందుకే. 1875లో జార్జ్ స్మిత్ ఈ కాపురాల దుస్థితి మీద పుస్తకం రాసి, 1877 చట్టానికి కారకుడయ్యాడు. ఆయన లెక్కల్లో అతిశయోక్తి ఉంది. కానీ పదడుగుల గదిలో సంసారం, తెల్లవారకముందే మొదలై చీకటిపడ్డాక ముగిసే పని అబద్ధాలు కావు. ఈ జనానికి నిదానాన్ని ఒక విలువగా అంటగట్టడం వారి చెమటను చెరిపేయడమే.

విలువగా దాన్ని నిలబెట్టింది టామ్ రోల్ట్. 1939 జూలైలో భార్య ఏంజెలాతో 'క్రెస్సీ' అనే పడవలో బాన్‌బరీ నుంచి బయల్దేరాడు. వృత్తికి ఇంజనీరు, యంత్ర నాగరికత వేగం మీద మాత్రం తీవ్రమైన అసంతృప్తి. 1944 చివర వచ్చిన 'నారో బోట్' యుద్ధంతో విసిగిన పాఠకులను పట్టేసింది. 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ ఏర్పడడానికి ఆ పుస్తకమే ప్రేరణ. పూడ్చివేతకు సిద్ధమైన ఎన్నో కాలువలు ఈ రోజు నీటితో ఉన్నాయంటే ఆ రుణం చిన్నది కాదు. కానీ ఆయన అభిమానుల్లో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది: యుద్ధకాలంలో 1941 నుంచి 1946 దాకా క్రెస్సీ టార్డబిగ్ దగ్గరే కట్టి ఉంది. తిరిగినప్పుడు తిరిగాడు, పని ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి నిలిచాడు. ఆ నిలకడ కూడా కాలువ జీవితమే.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1963 మంచు సరుకు పడవలను దెబ్బతీసింది. 1968 చట్టం విహారానికి కాలువలను కేటాయించింది. 1970లో క్రమం తప్పక నడిచిన చివరి దూర బొగ్గు రవాణా ఆగిపోయింది. అప్పటికి కూలి ఒత్తిడి లేని కాపురాలు మొదలయ్యాయి. నిదానం నిజంగా చేతికొచ్చింది కూడా అప్పుడే. నేటి పడవవాళ్ళు మైళ్ళకు లాకుల సంఖ్య కలిపి మూడుతో భాగించి గంటలు లెక్కగడతారు: పన్నెండు మైళ్ళు, తొమ్మిది లాకులంటే ఏడు గంటలు. లోతు తక్కువ చోట థ్రాటిల్ పెంచితే వెనుకభాగం కుంగుతుంది, నురుగు గట్టును కొడుతుంది, వేగం మాత్రం పెరగదు. తగ్గిస్తేనే పడవ తేలిగ్గా కదులుతుంది. మూడు నాలుగు రోజులు నడిపి వారం ఆగేవారే ఎక్కువకాలం ఈ జీవితంలో నిలుస్తారని నా అభిప్రాయం. రోజుకు పది గంటలు నడిపేవారు కాలువను చూడరు, లాకులను మాత్రమే చూస్తారు.

ఇప్పుడు నడకను నిర్ణయించేది చట్టం. 1995 చట్టం ప్రకారం సొంత రేవు లేని పడవ నిజాయితీగా ప్రయాణిస్తూ ఉండాలి, ఒకేచోట 14 రోజులు మించి ఆగరాదు. 2012 నుంచి కాలువలను చూస్తున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఏడాదిలో కనీసం 15–20 మైళ్ళ పరిధిలో కదలాలని సూచించింది. లండన్ గట్లు కిక్కిరిసిన తీరు చూస్తే ఏదో ఒక హద్దు లేకుండా కుదరదని ఒప్పుకోవాలి. అయినా ఇది కదలికను క్యాలెండర్‌తో కొలిచే పద్ధతి. పదవీ విరమణ చేసినవారికి ఆ లెక్క విహారం. బడికెళ్ళే పిల్లలున్న ఇంటికి, షిఫ్టు ఉద్యోగికి అది రెండు వారాలకోసారి ఇల్లు మార్చడం. 2024 ఏప్రిల్ నుంచి సొంత రేవు లేని పడవల లైసెన్సు మీద అదనపు రుసుము కూడా పడింది. గట్లకూ తలుపులకూ మరమ్మతు డబ్బు కావాలి, నిజమే. కానీ భారం మోసేది స్థిరనివాసం కొనలేనివారే ఎక్కువ. 14 రోజులకు మించి ఆగడానికి న్యాయమైన కారణం ఉంటే ఆగవచ్చని అదే చట్టం చెబుతోంది. అనారోగ్యంతో పాటు పిల్లల చదువును, చేతిలోని ఉద్యోగాన్ని కూడా ఆ కారణాల్లో చేర్చి చదవాల్సిన బాధ్యత ట్రస్టుదే.